‘ఒక్కదాన్నే’ అన్న మాట

షాపింగ్ సెంటర్లో గోళ్ళకు రంగులు వేసే దుకాణం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నా అడుగు నెమ్మదిస్తుంది. కృత్రిమ గోళ్ళు అతికించడానికి వాళ్ళు వాడే ద్రావకం వాసన ముక్కును గిల్లినట్టు ఘాటుగా ఉంటుంది, అడుగున కొంచెం తియ్యదనం. చాలామంది ముఖం చిట్లించి దాటిపోతారు. నేను నిలబడతాను. కట్టుడు పళ్ళకు చిగుళ్ళు పోసేటప్పుడు వాడేది కూడా ఇంచుమించు అలాంటి ద్రావకమే. ఆ వాసన తగలగానే నాకు టూవూంబాలో ఒక చిన్న ల్యాబు, చిన్న గిన్నెలో గులాబీరంగు పిండి, బల్ల మీదికి వంగి కూర్చున్న విజయ ఆంటీ కనబడతారు. ఆవిడ నాకు ఏ పాఠమూ చెప్పలేదు. నా చదువుకూ ఆవిడ వృత్తికీ సంబంధం లేదు. అయినా నేను ఈ రోజు చేస్తున్న పనిని ఎలా చేయాలో నేర్పింది ఆవిడే.

మాది కరీంనగర్. కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చదవడానికి ఆస్ట్రేలియాలోని టూవూంబా వచ్చాను. కొండ మీద ఊరది. చలికాలం పొద్దున్నే పొగమంచు కిటికీల దాకా వచ్చి నిలబడేది. అక్కడ కారు లేనివాళ్ళకు ఊరు సగమే ఉన్నట్టు లెక్క. నాకు కారు లేదు. ఒక లాప్‌టాప్ ఉంది, దాని నిండా ఒక పిచ్చి ఉంది. ఆ రోజుల్లో గేములు తయారుచేసే వాళ్ళందరి నోటా ఒకటే మాట వినబడేది. ఎవరో ఒకతను ఏళ్ళ తరబడి గదిలో కూర్చుని, బొమ్మలూ సంగీతమూ ప్రోగ్రామూ అన్నీ తానే చేసి గేమ్ విడుదల చేశాడు, ప్రపంచమంతా ఆడుతోంది. అలాంటి కథలు వారానికొకటి వచ్చేవి. అన్నం తింటూ ఆ వీడియోలే చూసేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ గేముల కంటే ‘ఒక్కడే చేశాడు’ అన్న ఆ మాటకు దక్కే చప్పట్లే నన్ను ఎక్కువ ఊరించాయి. ఫైనల్ ప్రాజెక్టుగా నేనూ ఒక గేమ్ చేసి, ఆ మాట అనిపించుకోవాలని పట్టుపట్టాను.

ఒకరోజు ఇండియన్ షాపులో పప్పుల అర దగ్గర నిలబడి అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాను. నీలిరంగు పనికోటు వేసుకున్న ఒకావిడ, మోచేతుల దాకా తెల్లటి దుమ్ముతో, నా మాట పూర్తయ్యేదాకా ఆగి దగ్గరకొచ్చారు.

“తెలుగమ్మాయివా? చేతులు చూపించు.”

“ఎందుకాంటీ?”

“చూపించమంటున్నా కదమ్మా.” నా వేళ్ళు చాపించి కాసేపు చూశారు. “వణకటం లేదు. వీక్‌కి రెండు ఆర్వోలు నా ల్యాబుకి రాగలవా? ప్లాస్టర్ కలపాలి, అచ్చులు పొయ్యాలి. పళ్ళ సెట్లు కడతాను నేను.”

“నేను గేమ్స్ చదువుతున్న ఆంటీ. డెంటల్ గురించి ఏం తెల్వదు నాకు.”

“తెలిసినోళ్ళే కావాలంటే పప్పుల కొట్లో ఎందుకు వెతుకుతాను?”

మధ్యాహ్నాన్ని అక్కడివాళ్ళలా ఆర్వో అనడం అప్పటికే నాకూ అలవాటైంది. అలా మంగళ, గురువారాల ఆర్వోలు ఆవిడకు వెళ్ళిపోయాయి.

ఆవిడ పూర్తి పేరు విజయకుమారి. సొంత ఊరు బాపట్ల. భర్త ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. గుంటూరులో పళ్ళ టెక్నీషియన్‌గా పని నేర్చుకుని, ఈ దేశం వచ్చాక మళ్ళీ మొదటి నుంచి చదివి పరీక్షలు రాసి, నేరుగా మనుషులకు పళ్ళు కట్టే అనుమతి సంపాదించి సొంత ల్యాబు పెట్టుకున్నారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు ల్యాబు. మాట తక్కువ. మెచ్చుకోలు ఇంకా తక్కువ. పని బాగుంటే “ఊఁ” అనేవారు. బాగోకపోతే ఏమీ అనకుండా నా ముందే ప్లాస్టర్ అచ్చును చెత్తబుట్టలో వేసి, కొత్త పిండి నా వైపు జరిపేవారు.

రెండో వారమో మూడో వారమో, అరలో వరసగా పేర్చిన చిన్న చిన్న అట్టలు చూశాను. ఒక్కో అట్ట మీద మైనం పట్టీకి గుచ్చిన పళ్ళు ఉన్నాయి. పై వరస ఆరు, కింది వరస ఆరు. ప్రతి అట్ట మీదా కంపెనీ పేరు, రంగు నంబరు, ఆకారం నంబరు. నేను ఆశ్చర్యపోయాను.

“ఆంటీ, పళ్ళు మీరు చేయరా?”

“పళ్ళు కంపెనీవాళ్ళు చేస్తారు. నేను కొంటాను.”

“మరి మీరేం చేస్తరు?”

ఆవిడ తలెత్తలేదు. “నోరు చూస్తాను” అన్నారు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ గురువారమే మార్గరెట్ అనే డెబ్భై ఏళ్ళావిడ వచ్చింది. ఆవిడ చర్చి గాయక బృందంలో పాడుతుంది. వేరెక్కడో కట్టించుకున్న సెట్టుతో ‘స’ అన్న అక్షరం పలికినప్పుడల్లా ఈల వస్తోందని పాట మానేసిందట. విజయ ఆంటీ కొత్త సెట్టును ఇంకా మైనంలోనే అమర్చి ఉంచారు. అది ఆవిడ నోట్లో పెట్టి “సిక్స్టీ సిక్స్ అనండి” అన్నారు. ఈల వచ్చింది. సెట్టు తీసి, సన్నని కత్తిని మంట మీద వేడిచేసి, ముందు పళ్ళు రెండింటి చుట్టూ మైనాన్ని కరిగించి వెంట్రుకవాసి వెనక్కి జరిపారు. మళ్ళీ సిక్స్టీ సిక్స్. మళ్ళీ తీశారు, మళ్ళీ జరిపారు. గంటకు పైగా అదే పని. చివరికి మార్గరెట్ ‘సిక్స్టీ సిక్స్’ అనేసరికి గదిలో ఈల లేదు. ఆవిడ అరవై ఏడు, అరవై ఎనిమిది అంటూ ఆగకుండా లెక్కపెట్టుకుంటూ పోయింది. కళ్ళ నిండా నీళ్ళు. అదే నంబరు అట్ట మీది పళ్ళు ఇంకో పదిమందికి ఉండి ఉంటాయి. కానీ ఆ నవ్వు మాత్రం మార్గరెట్‌దే.

అంత కళ్ళారా చూసి కూడా నా పనికి దాన్ని అన్వయించుకోలేదు. నా గేమ్ పేరు ‘మైకు గది’. మా అమ్మ కరీంనగర్ బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే ఉద్యోగం చేసింది. బడి వదలగానే నేను వెళ్ళి ఆ గదిలో ఒక స్టూలు మీద కూర్చునేదాన్ని. గేమ్‌లో ఆడేవాళ్ళు ఆ మైకు ముందు కూర్చుంటారు. కిటికీ దగ్గరకు మనుషులు వస్తారు. ఒకరికి ఊరి పేరు సరిగా తెలియదు, ఒకరు ఆస్పత్రికి వెళ్ళాలి, ఒకరు అలిగి ఇంట్లోంచి వచ్చేశారు. అందరినీ సరైన బస్సెక్కించాలి. ఒక్క తప్పు ప్రకటన చేస్తే ఒక ముసలావిడ తెలియని ఊళ్ళో దిగుతుంది.

ఆలోచన నాది, నియమాలు నావి, ప్రోగ్రామ్ నాది. మిగతాదంతా ఆన్‌లైన్ అంగట్లో రెడీమేడ్‌గా దొరికింది. బస్సులు కొన్నాను. బెంచీలు, చెట్లు, దీపాలు కొన్నాను. మనుషుల బొమ్మలు, వాళ్ళు నడిచే తీరు, వెనక వినిపించే సంగీతం కొన్నాను. అందరూ అలాగే చేస్తారు, అందులో దొంగతనం లేదు. అనుమతి పత్రాలన్నీ ఉన్నాయి. కానీ ఎవరడిగినా “నేను ఒక్కదాన్నే చేసిన” అనేదాన్ని. అలా అంటున్నప్పుడు లోపల ఎక్కడా గుచ్చుకోలేదు కూడా.

ఒకరోజు పని అయ్యాక ఆంటీకి చూపించాను. ఆవిడ చేతులు కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, రెండుసార్లు ఆడారు.

“ఈ బస్సు నువ్వు చేశావా?”

“కొన్న ఆంటీ.”

“ఈ మనుషుల్ని?”

“కొన్న.”

“పాట?”

“అది కూడా.”

“ఒక్కదాన్నే చేశానంటివే.”

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆవిడ వినిపించుకోకుండా తెర మీద వేలు పెట్టారు. చేతిలో సంచితో ఒక ముసలావిడ ప్లాట్‌ఫారం మీద నడుస్తోంది. “ఈవిడ సిపాయిలా నడుస్తుందేంటి? సంచీ చూస్తే బియ్యం మోస్తున్నట్టుంది, నడక చూస్తే పరేడ్‌కి పోతున్నట్టుంది. మీ అమ్మ కూర్చుంది ఈ బస్టాండులోనేనా?”

నేను తెర వైపు చూశాను. యూరప్‌లో ఏదో నగరంలో తిరిగే నీలం బస్సులు. మంచు దేశాల చెట్లు. అరక్షణం తడబడకుండా ఒకే రకంగా అడుగులు వేసే జనం. కాదు, అది మా బస్టాండు కాదు. కానీ ఒప్పుకోవడానికి మనసు రాలేదు. “టైం లేదాంటీ, సబ్మిషన్ దగ్గర పడ్డది” అన్నాను. ఆవిడ “ఊఁ” అనలేదు.

ఆ తర్వాత అన్నీ నేను కోరుకున్నట్టే జరిగాయి. గేమ్ బ్రిస్బేన్‌లో జరిగే విద్యార్థుల గేముల ప్రదర్శనకు ఎంపికైంది. ఒక అమ్మాయి, ఒక లాప్‌టాప్, ఒక ప్రపంచం అంటూ నా ఫొటోతో ఒక వ్యాసం వచ్చింది. రెండు రోజుల్లో ఎక్కడెక్కడి వాళ్ళో పంచుకున్నారు. నేను ఒక్కో మెచ్చుకోలునూ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. మూడో రోజు ఎవరో నా బస్సు ఫొటో పక్కన ఇంకో నాలుగు గేముల్లోని అదే బస్సు ఫొటోలు పెట్టారు. కింద ఒకే వాక్యం: అంగట్లో కొన్నవన్నీ పేర్చి తానే చేశానంటోంది. మెచ్చుకున్నవాళ్ళలో చాలామంది అటు తిరిగారు. ఆ అమ్మాయి చేసిందేమీ లేదన్నారు. మోసం అన్నారు. ప్రదర్శనకు ఇంకా దాదాపు నాలుగు వారాలుంది. నేను తప్పుకుంటున్నానని ఉత్తరం రాసి, పంపకుండా పెట్టుకుని, గది తలుపు మూసుకుని పడుకున్నాను. మంగళవారం ల్యాబుకు వెళ్ళలేదు. గురువారమూ వెళ్ళలేదు.

శుక్రవారం మధ్యాహ్నం విజయ ఆంటీ కారు మా ఇంటి ముందు ఆగింది. కోటు మీద ప్లాస్టర్ అలాగే ఉంది. నా మంచం పక్క కుర్చీలో కూర్చుని, నేను చూపించినవన్నీ తొందరపడకుండా చదివారు.

“దొంగతనం చేశావా?”

“లేదాంటీ. అన్నిటికీ లైసెన్స్ ఉంది.”

“నువ్వు చేసిందేమీ లేదా ఇందులో?”

“ఎందుకు లేదు. ఎవరు ఏ బస్సెక్కాలె, ఎవరికి ఏం భయం, ఎప్పుడు ఏం చెప్పాలె, అదంతా నేనే కదా.”

“అయితే నీకేమీ రాదన్నోళ్ళది తప్పు. ‘ఒక్కదాన్నే’ అన్నావే, అది నీ తప్పు. రెండూ కలిపేసుకుని ఏడుస్తున్నావు నువ్వు. వాళ్ళది వాళ్ళకొదిలెయ్. నీది దిద్దుకో.” లేచి నిలబడ్డారు. “నా దగ్గర పళ్ళు కట్టించుకున్న ప్రతి మనిషికీ పళ్ళు ఏ కంపెనీవో, ఏ నంబరో రాసిస్తాను. దానివల్ల నా పని ఏమన్నా తగ్గిందా? లే. మొహం కడుక్కో. మూడు వారాలంటే చాలా టైము.”

ఆ సాయంత్రమే ల్యాబులో కూర్చుని గేమ్‌లో ఉన్న ప్రతి వస్తువూ ఎవరు చేసిందో రాశాను. నలభై ఒక్క పేర్లు తేలాయి. అన్ని చేతులు నా బస్టాండులో ఉన్నాయని నాకే తెలియదు. ఒక్కొక్కరికీ ఉత్తరం రాశాను: మీరు చేసింది నా గేమ్‌లో ఉంది, మీ పేరు చెప్పకుండా మాట్లాడాను, అది తప్పు, ఇకనుంచి చెబుతాను. సగం మందికి పైగా జవాబిచ్చారు. బస్సు తయారుచేసింది పోలండ్‌లో ఒక రిటైరైన బస్సు మెకానిక్ అట. తాను బాగుచేసిన బండ్లనే కంప్యూటర్లో గీసుకున్నాడట. తన బస్సును కొన్నవాళ్ళలో తనకు ఉత్తరం రాసిన మొదటి మనిషిని నేనేనన్నాడు. మా ఊరి బస్సు ఫొటోలు పంపమన్నాడు. పంపితే, ఏ రేకు ఎక్కడ కోయాలో, తలుపు ఎటు మార్చాలో, పాత బండి మలుపులో ఎంత ఒరుగుతుందో గీతలు గీసి మరీ చెప్పాడు. నాలుగు రోజుల్లో ఆ నీలం బస్సు మా ఎర్ర బస్సయింది. వెనక నిచ్చెన, గలగలలాడే కిటికీలు, నంబరు పలక పక్కన వేలాడే నిమ్మకాయలు. మంచు చెట్లను వేపచెట్లుగా దిద్దాను. సంగీతం పూర్తిగా తీసేసి అమ్మకు ఫోన్ చేశాను. రిటైరై నాలుగేళ్ళయినా అమ్మ ఒక్క ఊరి పేరూ మర్చిపోలేదు. పాత గొంతుతో, పాత విరుపుతో యాభై ప్రకటనలు రికార్డు చేసి పంపింది. మొదటిదాన్ని వరసగా నాలుగుసార్లు పెట్టుకుని విన్నాను.

నడక మిగిలింది. ల్యాబు వెనక సందులో ఫోన్ కెమెరా పెట్టి, “ఆంటీ, ఒక్కసారి నడువుర్రి” అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి ప్లాస్టర్ బస్తా ఒకటి చేత్తో పట్టుకుని వచ్చారు. ఎడమ మోకాలు నొప్పి ఆవిడకు. బరువు కుడికాలి మీద వేసి, ఒక్క క్షణం ఆగి, ఎడమకాలు చుట్టూ తిప్పి తెచ్చి, మళ్ళీ ఆగి. గోడదాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. “మళ్ళీ నడవనా? ఇందాక కెమెరా ఉందని కాస్త నీటుగా నడిచాను” అన్నారు. రెండోసారి నడిచిందే తీసుకున్నాను. ఆ వీడియోను ఫొటోలుగా విడదీసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ప్రతి అడుగునూ కొలిచి, ఆ ముసలావిడ బొమ్మకు ఆ నడక కట్టడానికి నాకు ఆరు రోజులు పట్టింది. ఎన్నోసార్లు చేశాను, ఎన్నోసార్లు తీసేశాను. చివరికి చూపించినప్పుడు ఆవిడ తెర దగ్గరకు వంగి చాలాసేపు చూసి “ఊఁ” అన్నారు.

బ్రిస్బేన్‌కు ఆవిడ కారులోనే వెళ్ళాం. ఆ రోజు ల్యాబుకు సెలవు పెట్టారు. హాల్లో వరసగా పెట్టిన బల్లల మీద విద్యార్థుల గేములు. నా బల్ల దగ్గరకొచ్చిన మొదటివాళ్ళు ఆ గొడవ చదివి వచ్చినవాళ్ళేనని చూపులను బట్టే తెలిసింది. గేమ్ తెరవగానే, పేరు కంటే ముందు, నలభై ముగ్గురి పేర్లు వస్తాయి: తీసేసిన సంగీతం చేసినవాళ్ళతో సహా ముందు రాసిన నలభై ఒక్కరూ, అమ్మ, విజయ ఆంటీ. ఎవరు ఏం చేశారో పక్కనే ఉంటుంది. చదివాక వాళ్ళ ముఖాలు మారాయి. తర్వాత మైకు ముందు కూర్చున్నారు. అరగంట గడిచేసరికి నా బల్ల ముందు వరస కట్టారు. తెలుగు రాక, కింద వచ్చే ఇంగ్లీషు చదువుకుంటూ ఆడుతున్న ఒక పెద్దాయన ముసలావిడను తప్పు బస్సెక్కించి, ఆవిడ అలా కాలు తిప్పుకుంటూ మెట్లెక్కుతుంటే చూడలేక, మొదటి నుంచి ఆడతానని పట్టుబట్టి ఇంకోసారి వరసలో నిలబడ్డాడు.

సాయంత్రం స్టేజి మీదికి పిలిచారు. పరిచయం చేసినావిడ పాత వ్యాసం చూసి నన్ను సోలో డెవలపర్, ఒంటరిగా గేమ్ చేసిన మనిషి అంది. నేను మైకు అందుకుని, ఆ మాట సరికాదనీ, అలా అనిపించుకున్నది నేనేననీ, ఈ గేమ్ వెనక నలభై ముగ్గురున్నారనీ చెప్పాను. జడ్జీల్లో ఒకాయన ముందుకు వంగి, “మరి ఇందులో మీదేమిటి?” అని అడిగాడు. వెటకారంగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాడు. మూడు వారాల కిందట అయితే ఆ ప్రశ్నకు నేను కుప్పకూలేదాన్ని. ఆ రోజు జవాబు వెతుక్కోవలసిన పనే లేకపోయింది. “చిన్నప్పుడు మా అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని నేను చూసిన మనుషులు నావాళ్ళు. వాళ్ళు ఏ కిటికీ దగ్గరకొచ్చి ఏమడుగుతారో, ఏ జవాబు వింటే ధైర్యపడతారో, అది నాది. ఇందులో ఉన్న ప్రతి వస్తువూ ఆ మనుషులకు సరిపోయేదాకా దిద్దింది నేను” అన్నాను. చప్పట్లు ముందు వరసలో మొదలై వెనక్కి పాకాయి. నేను ఇన్నాళ్ళూ వీడియోల్లో విన్న చప్పట్లే అవి. కానీ వాటి కింద ఏ భయమూ లేకుండా నిలబడటం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. విద్యార్థుల విభాగంలో మొదటి బహుమతి ‘మైకు గది’కే వచ్చింది. ఆ వారమే మెల్బోర్న్‌లోని ఒక స్టూడియో నుంచి ఉద్యోగానికి పిలుపు వచ్చింది.

బహుమతి పట్టుకుని దిగేసరికి విజయ ఆంటీ నా బల్ల ముందు కూర్చుని ఉన్నారు. తెర మీద పేర్లు ఆపి చూస్తున్నారు. ‘నడక: విజయకుమారి’ అన్న చోట వేలు ఉంది.

“స్పెల్లింగ్ కరెక్టే” అన్నారు.

“ఇంకేమన్నా అనుర్రి ఆంటీ.”

ఆవిడ కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడిచారు. “నలభై ఏళ్ళుగా మనుషులకి పళ్ళు కడుతున్నాను. నా పేరు ఒక చోట రాసింది నువ్వే” అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, కారు తాళాలు తీసుకుని బయటికి నడిచారు.

చదువు అయ్యాక ఆవిడ అనుమతి తీసుకుని ఆ నడకను అదే ఆన్‌లైన్ అంగట్లో అందరూ వాడుకునేలా ఉచితంగా పెట్టాను, ఆవిడ పేరుతోనే. ఎక్కడెక్కడి వాళ్ళో తీసుకున్నారు. జపాన్‌లో ఒకరి గేమ్‌లో వానలో గొడుగు పట్టుకుని ఒక బామ్మ ఆ నడకతో వీధి దాటుతుంది. బ్రెజిల్‌లో ఒకరి గేమ్‌లో ఒక చేపలమ్మ బుట్టతో అలాగే మెట్లు దిగుతుంది. కనబడినప్పుడల్లా వీడియో పంపుతాను. ఆంటీ ఇప్పుడు ల్యాబు తన దగ్గర పనిచేసినావిడకు అప్పగించి విశ్రాంతిగా ఉంటున్నారు. మోకాలికి ఆపరేషన్ అయింది, నడక మారిపోయింది. “నేను బాగుపడ్డాను కానీ, ప్రపంచమంతా నా పాత మోకాలితోనే కుంటుతోంది” అని నవ్వుతారు.

ఇప్పుడు నా కింద పద్నాలుగు మంది పనిచేస్తున్నారు. కొత్తగా చేరినవాళ్ళు తాము కొని తెచ్చిన వస్తువుల గురించి నా దగ్గర కాస్త సిగ్గుపడుతూ మాట్లాడతారు. సిగ్గుపడవద్దంటాను. ఎవరు చేశారో అడుగుతాను, ఆ తర్వాత అది మన మనుషులకు సరిపోయిందా అని అడుగుతాను. ఎవరైనా నన్ను పొగిడినప్పుడు ‘నేను’ అన్న మాట నోటి దాకా వచ్చి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో ఎవరెవరున్నారో చూసుకుంటాను, వాళ్ళ పేర్లు చెబుతాను. అవి చెప్పడం అయిపోయాక, నేను చేసింది ఇదీ అని నా వంతు కూడా గొంతు తగ్గించకుండా చెబుతాను.